ఫాల్ రిజిస్ట్రేషన్ – ఎంఎస్ బిజినెస్ అనలిటిక్స్, 36 క్రెడిట్లు: ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు?

కొత్తచిగురు
అన్నలకు, అక్కలకు నమస్తే. ఈ ఆగస్టులో టెక్సస్‌లోని ఒక పబ్లిక్ యూనివర్సిటీలో ఎంఎస్ బిజినెస్ అనలిటిక్స్‌లో చేరుతున్నా. డిగ్రీ ఉస్మానియా బీకాం కంప్యూటర్స్. మొత్తం 36 క్రెడిట్లు, అంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు 12. అవి కాక స్టాటిస్టిక్స్ ఫౌండేషన్ అనే కోర్సు ఒకటి చెయ్యాలని అడ్మిషన్ లెటర్‌లో ఉంది. పోర్టల్ తెరిస్తే రిజిస్ట్రేషన్‌ని ఆపే హోల్డ్‌లు మూడు కనపడుతున్నాయి: ఇమ్యునైజేషన్, ట్రాన్‌స్క్రిప్ట్, అడ్వైజింగ్. మొదటి సెమిస్టర్ 9 క్రెడిట్లు తీసుకోవాలా, 12 తీసుకోవాలా? ఫౌండేషన్‌కి వేవర్, అంటే మినహాయింపు అడగొచ్చా? వచ్చే ఏడాది డిసెంబర్‌కల్లా డిగ్రీ అయిపోతుందా? వాట్సాప్ గ్రూపులో సీనియర్లు "ఈజీ ప్రొఫెసర్" లిస్ట్ పంపారు, దాన్ని బట్టి కోర్సులు ఎంచుకోవచ్చా?

క్యాటలాగ్_పిచ్చి
లిస్ట్ చివర్లో చూద్దువుగానీ తమ్ముడూ. ముందు క్యాటలాగ్ తెరిచి క్యాప్‌స్టోన్ (చివర్లో చేసే ప్రాజెక్ట్) కోర్సు దగ్గర మొదలుపెట్టు. దానికి ప్రీరిక్విజిట్ (ముందే పూర్తి చెయ్యాల్సిన కోర్సు) ఏంటి, ఆ ప్రీరిక్విజిట్‌కి ప్రీరిక్విజిట్ ఏంటి అని వెనక్కి నడుచుకుంటూ రా. ఒక్కో కోర్సు పక్కన అది ఫాల్‌లో (ఆగస్టు–డిసెంబర్) ఇస్తారా, స్ప్రింగ్‌లో (జనవరి–మే) ఇస్తారా, రెండింట్లోనూ ఇస్తారా రాసుకో. క్యాటలాగ్ మాట ఒక్కటే నమ్మకు. పోర్టల్‌లో గత నాలుగు సెమిస్టర్ల క్లాస్ షెడ్యూల్ వెతికితే నిజంగా ఎప్పుడు నడిచిందో తెలుస్తుంది. "ప్రతి ఏడాది" అని రాసి రెండేళ్లకోసారి పెట్టే ఎలక్టివ్‌లు (మనం ఎంచుకునే కోర్సులు) ఉంటాయి. ఆ గొలుసు ఇక్కడ పెట్టు, డిసెంబర్ సంగతి అప్పుడు తేలుతుంది.

కొత్తచిగురు
చూశానన్నా. స్టాటిస్టిక్స్ ఫౌండేషన్ → ప్రిడిక్టివ్ అనలిటిక్స్ → మెషిన్ లెర్నింగ్ → క్యాప్‌స్టోన్. ఫౌండేషన్ రెండు సెమిస్టర్లలోనూ ఉంది. ప్రిడిక్టివ్ స్ప్రింగ్‌లో మాత్రమే, మెషిన్ లెర్నింగ్ ఫాల్‌లో మాత్రమే. క్యాప్‌స్టోన్ రెండింట్లోనూ.

క్యాటలాగ్_పిచ్చి
అయితే జవాబు దొరికినట్టే. క్రెడిట్ల లెక్క వేస్తే డిసెంబర్ కుదురుతుంది: ఫాల్‌లో 9 తీసుకుంటే ఫౌండేషన్ పోను డిగ్రీలోకి 6, స్ప్రింగ్ 12, సమ్మర్ 6, మళ్లీ ఫాల్ 12, మొత్తం 36. గొలుసు మాత్రం కుదరనివ్వదు. మెషిన్ లెర్నింగ్ రెండో ఫాల్‌లో చేస్తావు, క్యాప్‌స్టోన్ దాని తర్వాతే. అంటే వచ్చే ఏడాది డిసెంబర్ కాదు, ఆ తర్వాతి మే. చాలామంది క్రెడిట్లు కూడి "డిసెంబర్‌లో అయిపోతుంది" అని ఇంట్లో చెప్పేస్తారు. చివరి ఫాల్ రిజిస్ట్రేషన్‌లో సిస్టమ్ "ప్రీరిక్విజిట్ నాట్ మెట్" అని ఎర్ర అక్షరాల్లో చూపించినప్పుడు గాని అసలు విషయం అర్థం కాదు.

ఒక్క దారి ఉంది. క్యాప్‌స్టోన్‌కి మెషిన్ లెర్నింగ్ ప్రీరిక్విజిట్టా, కోరిక్విజిట్టా సరిగ్గా చదువు. కోరిక్విజిట్ అయితే రెండూ ఒకే సెమిస్టర్‌లో చేయొచ్చు, అప్పుడు డిసెంబర్ సాధ్యమే.

కొత్తచిగురు
ప్రీరిక్విజిట్ అనే ఉందన్నా. పోనీ ఫౌండేషన్ వేవర్ వస్తే ఒక సెమిస్టర్ కలిసొస్తుందా?

క్యాటలాగ్_పిచ్చి
రాదు. ప్రిడిక్టివ్ స్ప్రింగ్‌లోనే కదా. ఫౌండేషన్ వేవ్ అయినా, ఫాల్‌లో చేసినా ప్రిడిక్టివ్‌లోకి వెళ్లేది అదే జనవరిలో. నీకు మిగిలేది మూడు క్రెడిట్ల ఫీజు, మొదటి ఫాల్‌లో ఒక ఖాళీ. అదీ ఫౌండేషన్ 36కి బయట ఉంది కాబట్టి. 36 లోపల ఉండే ప్రోగ్రాముల్లో వేవర్ ఇచ్చినా దాని బదులు ఇంకో ఎలక్టివ్ చెయ్యమంటారు. అక్కడ ఫీజు కూడా మిగలదు.

సీమమిరప
వేవర్ అడగడంలో తప్పు లేదు గానీ సిలబస్ పక్కపక్కన పెట్టి చూడండి. మన బీకాం స్టాటిస్టిక్స్‌లో ఎక్కువ భాగం సగటులు, విచలనం, సహసంబంధం, సూచీ సంఖ్యలు, కాలశ్రేణి. అక్కడి ఫౌండేషన్ మొదటి మూడు వారాల్లో ఇవన్నీ దాటేసి హైపోథిసిస్ టెస్టింగ్, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్స్, మల్టిపుల్ రిగ్రెషన్‌లోకి వెళ్తుంది. ప్రిడిక్టివ్ మొదటి రోజే రిగ్రెషన్ అవుట్‌పుట్ తెర మీద పెట్టి పీ-వాల్యూ ఏం చెప్తోంది అని అడుగుతారు. అక్కడ తడబడేవాళ్లు వేవర్ తీసుకోకపోవడమే మేలు.

అయినా అడగాలనుకుంటే మీ బ్యాచ్‌కి వర్తించిన సిలబస్ పీడీఎఫ్ కావాలి, ఇప్పటిది కాదు. మార్కుల మెమోలో సబ్జెక్ట్ పేరు, సిలబస్‌లో పేరు ఒకటే ఉండాలి. వేవర్ పరీక్ష పెట్టే చోట అది క్లాసులు మొదలవడానికి ముందు వారంలోనే ఉంటుంది. అందులో పోతే ఫౌండేషన్ సెక్షన్లు నిండిపోయి ఉంటాయి. కాబట్టి ముందు ఫౌండేషన్‌కి రిజిస్టర్ అయిపోండి, పరీక్ష నెగ్గితే మార్చుకోండి.

బెజవాడ_బ్యారేజీ
కోర్సులు సరే, హోల్డ్‌లు తీయకుండా ఏ కోర్సూ ఎక్కదు. ఇమ్యునైజేషన్ గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

అడిగేది ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు, మధ్యలో కనీసం 28 రోజులు. చిన్నప్పటి టీకా కార్డులో మనకి ఉండేది తట్టు టీకా. 2017లో స్కూళ్లలో వేసింది ఎంఆర్, అందులో గవదబిళ్లలకు రక్షణ లేదు. ఆ కార్డు స్కాన్ చేసి పెడితే తిప్పి పంపుతారు. అందుకని రెండు డోసులు కొత్తగా వేయించుకోవడమో, యాంటీబాడీ రక్త పరీక్ష (టైటర్) రిపోర్ట్ పెట్టడమో చెయ్యాలి. టైటర్ రిపోర్ట్‌లో మూడింటికీ విడివిడిగా ఫలితం ఉండాలి.

టీబీ పరీక్ష దగ్గర ఇంకో చిక్కు. మనందరికీ పుట్టగానే బీసీజీ వేస్తారు, దాని వల్ల చేతి మీద చేసే చర్మ పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. రక్తంతో చేసే ఇగ్రా పరీక్షకు ఆ గొడవ లేదు, యూనివర్సిటీ ఒప్పుకుంటే అదే చేయించుకో. ఎంఎంఆర్ వేసిన కొన్నాళ్లు టీబీ పరీక్ష ఫలితం సరిగ్గా రాకపోవచ్చు. రెండూ ఒకే రోజు చేయించుకో, లేదా ఎంఎంఆర్ తర్వాత నాలుగు వారాలు ఆగు. అమెరికా వెళ్లాకే చేయాలనే యూనివర్సిటీలు కూడా ఉన్నాయి, మీ హెల్త్ సెంటర్ పేజీ చూశాకే ఇక్కడ డబ్బు పెట్టు.

టెక్సస్‌కి ప్రత్యేకం: 22 ఏళ్ల లోపు కొత్త విద్యార్థులకు బ్యాక్టీరియల్ మెనింజైటిస్ టీకా తప్పనిసరి. గత అయిదేళ్లలో వేసుకున్నది అయ్యుండాలి, క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు వేసుకోవాలి. మూడేళ్ల డిగ్రీతో వెళ్లేవాళ్లలో చాలామంది ఈ వయసు లోపే ఉంటారు.

పాలమూరు_పద్దు
ట్రాన్‌స్క్రిప్ట్ హోల్డ్ సంగతి: అడ్మిషన్ అప్పుడు అప్‌లోడ్ చేసినవి వాళ్ల లెక్కలో అనధికారిక కాపీలు. ఇప్పుడు అడిగేది అన్ని సెమిస్టర్ల మార్కులతో పాటు డిగ్రీ వచ్చినట్టు రుజువు. కాన్వొకేషన్ సర్టిఫికెట్ ఆలస్యమైతే ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో చాలా చోట్ల తీసుకుంటరు. సీల్డ్ కవర్ అయితే తెరవొద్దు, చూసుకోవడానికి వేరే సెట్ తీసుకో. ఈ హోల్డ్‌తో మొదటి సెమిస్టర్ రిజిస్టర్ కానిచ్చి, రెండో సెమిస్టర్ దగ్గర ఆపే యూనివర్సిటీలు కూడా ఉన్నయి. నవంబర్‌లో అమెరికాలో ఉండి ఉస్మానియా ఎగ్జామ్ బ్రాంచ్ చుట్టూ అమ్మానాన్నల్ని తిప్పే పని పెట్టుకోకు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. ఎడ్యుకేషన్ లోన్ అయితే బ్యాంకు ఫీజు స్టేట్‌మెంట్ అడుగుతది. ఆ స్టేట్‌మెంట్ కోర్సులకు రిజిస్టర్ అయినంకనే తయారవుతది, ఎన్ని క్రెడిట్లు తీసుకుంటే అంత బిల్లు. అంటే హోల్డ్ తీయడం ఆలస్యమైతే రిజిస్ట్రేషన్ ఆలస్యం, దాంతో స్టేట్‌మెంట్ ఆలస్యం, లోన్ విడుదల ఆలస్యం. ఫీజు గడువు దాటితే సిస్టమ్ అన్ని కోర్సులూ ఒకేసారి తీసేస్తది. అప్పుడు మళ్లీ ఎక్కించుకుందామంటే మంచి సెక్షన్లు పోయి ఉంటయి, లేట్ రిజిస్ట్రేషన్ ఫీజు అదనం. ఇన్‌స్టాల్‌మెంట్ ప్లాన్‌లో చేరి మొదటి వాయిదా కట్టేస్తే సీట్లు నిలుస్తయి, లోన్ డబ్బు వచ్చినంక మిగతాది కట్టుకోవచ్చు.

ఓరుగల్లు_అక్క
9, 12 అని తేల్చుకునే ముందు వీసా లెక్క చూడు. గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఫుల్‌టైమ్ ఎన్ని క్రెడిట్లో యూనివర్సిటీయే నిర్ణయిస్తుంది, చాలా చోట్ల ఫాల్, స్ప్రింగ్‌లలో 9. ఆ ఫుల్‌టైమ్ లెక్కలో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అంటే మూడు క్రెడిట్లే చెల్లుతుంది. 9 తీసుకుంటే రెండు కోర్సులు క్లాస్‌రూమ్‌లో ఉండాల్సిందే.

షెడ్యూల్‌లో "ఇన్‌స్ట్రక్షన్ మోడ్" అనే గడి ఉంటుంది, అదే చూడాలి. మంగళవారం సాయంత్రం 7 గంటలకు అని టైమ్ ఉన్నంత మాత్రాన అది క్లాస్‌రూమ్ కోర్సు కాదు. జూమ్‌లో లైవ్‌గా చెప్పేది కూడా ఆన్‌లైనే. హైబ్రిడ్ అని ఉండి, కొన్ని రోజులైనా తప్పనిసరిగా వచ్చి కూర్చోవాలంటే అది క్లాస్‌రూమ్ లెక్కలోకి వస్తుంది. అనుమానం ఉంటే సెక్షన్ నంబర్‌తో సహా డీఎస్‌ఓకి (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మెయిల్ పెట్టి రాతలో జవాబు తీసుకో. ఫౌండేషన్ కోర్సు ఫుల్‌టైమ్‌లోకి వస్తుందా అన్నది కూడా అదే మెయిల్‌లో అడుగు. ప్రోగ్రామే తప్పనిసరి చేసింది కాబట్టి సాధారణంగా వస్తుంది.

బిజినెస్ స్కూళ్లలో ఏడెనిమిది వారాల సగం సెమిస్టర్ కోర్సులు కూడా ఉంటాయి. రెండో సగంలోది అక్టోబర్‌లో మొదలవుతుంది. అది క్యాన్సిల్ అయినా, నువ్వు వదిలేసినా 9 కాస్తా 6 అవుతుంది, అప్పటికి కొత్తగా చేర్చుకోవడానికి ఏ కోర్సూ తెరిచి ఉండదు. మొదటి సెమిస్టర్‌లో వీటి జోలికి పోకపోవడమే మంచిది.

మరీ కష్టమైతే క్రెడిట్లు తగ్గించుకునే అనుమతి, అంటే ఆర్‌సీఎల్ ఉంది. చదువు ఇబ్బంది కారణంగా ఇచ్చేది ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే, అప్పుడు కూడా కనీసం సగం లోడ్ ఉంచుకోవాలి. 9లో సగం నాలుగున్నర, మూడేసి క్రెడిట్ల కోర్సుల్లో అది 6 అన్నమాట. డీఎస్‌ఓ ఒప్పుకున్నాకే కోర్సు తీసెయ్యాలి. ముందు డ్రాప్ కొట్టి తర్వాత అడిగితే అప్పటికే స్టేటస్ పోయినట్టు లెక్క.

సీమమిరప
మొదటి ఫాల్ 9 చాలు అంటాను. జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు (ఏకి 4, బీకి 3, సీకి 2) 3.0 కింద పడితే ప్రొబేషన్, అంటే హెచ్చరిక. మూడు కోర్సుల్లో రెండు బీలు, ఒక సీ వస్తే 2.67. ఒక ఏ, ఒక బీ, ఒక సీ వస్తే సరిగ్గా 3.0. మన దగ్గర 65 శాతం అంటే ఫస్ట్ క్లాస్. అక్కడ గ్రాడ్యుయేట్ స్థాయిలో బీ అంటే ఒడ్డున ఉన్నట్టు, సీ అంటే మునిగినట్టు.

లోన్‌స్టార్_తెలుగు
దీనితో పూర్తిగా ఏకీభవించను. డేటాబేస్, ఎక్సెల్ మోడలింగ్ లాంటివి బీకాం కంప్యూటర్స్ వాళ్లకి కొత్తేమీ కాదు. 12కి రిజిస్టర్ అయ్యి, మొదటి వారం క్లాసులు విని ఒకటి వదిలేయొచ్చు. టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ఫాల్, స్ప్రింగ్‌లకు 12వ క్లాస్ డే ముఖ్యం. ఆ లోపు ఒక కోర్సు వదిలి మిగతావి ఉంచుకుంటే ఆ కోర్సు ఫీజు వెనక్కి వస్తుంది. ఆ తర్వాత వదిలితే డబ్బు రాదు, ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ (విత్‌డ్రా అయినట్టు గుర్తు) పడుతుంది. క్లాస్ డే అంటే యూనివర్సిటీ క్లాసులు నడిచే రోజు, నీ క్లాస్ ఉన్న రోజు కాదు.

అన్నీ వదిలేసి సెమిస్టర్ నుంచే తప్పుకుంటే మాత్రం లెక్క వేరు. మొదటి క్లాస్ డే నుంచి అయిదు రోజుల్లో 80 శాతం, తర్వాతి అయిదులో 70, ఆ తర్వాత 50, ఆ తర్వాత 25, ఇక సున్నా. "12వ రోజు దాకా ఫుల్ రిఫండ్" అనే మాట విని ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

సీమమిరప
వదలడం వరకూ సరే, ఏది వదలాలో మొదటి వారంలో తెలియదు. గ్రూప్ ప్రాజెక్టులు సెప్టెంబర్ మధ్యలో గాని మొదలు కావు. 12 తీసుకుంటే ఒకే వారంలో నాలుగు ప్రెజెంటేషన్లు పడతాయి. పాత సిలబస్ దొరికితే గ్రూప్ వర్క్‌కి ఎంత శాతం, మిడ్‌టర్మ్ ఏ వారం అన్నవి చూసి అప్పుడు తేల్చుకోమనండి. "ఈజీ ప్రొఫెసర్" లిస్ట్ కన్నా అది వెయ్యి రెట్లు నయం.

గోదారి_గట్టు
రిజిస్ట్రేషన్ రోజు ఎలా చెయ్యాలో ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నానండి.

పోర్టల్‌లో మీ ఎన్‌రోల్‌మెంట్ అపాయింట్‌మెంట్ తేదీ, సమయం ఉంటాయి. టెక్సస్ సమయం ఉదయం 8 అంటే వేసవిలో మనకి సాయంత్రం 6:30. ముందురోజే కోర్సులన్నీ కార్ట్‌లో పెట్టి "వ్యాలిడేట్" నొక్కండి. ప్రీరిక్విజిట్ లేకపోయినా, రెండు క్లాసుల టైమ్ ఢీకొన్నా, హోల్డ్ ఉన్నా అక్కడే చెప్తుంది. ప్రతి కోర్సుకీ ఇంకో సెక్షన్ నంబర్ కాగితం మీద రాసి ఉంచుకోండి.

సెక్షన్ పక్కన ఉండే నోట్స్ చదవాలి. "ఎంబీఏ విద్యార్థులకు మాత్రమే" లాంటివి అక్కడే ఉంటాయి. సీట్లు ఖాళీగా కనపడినా ఎక్కనివ్వదు, డిపార్ట్‌మెంట్ పర్మిషన్ కావాలి. ఆ మెయిల్‌లో విద్యార్థి ఐడీ, కోర్సు, సెక్షన్ నంబర్లు, వచ్చిన ఎర్రర్ స్క్రీన్‌షాట్ పెట్టండి. "ప్లీజ్ హెల్ప్ సార్" అని ఒక్క ముక్క రాస్తే మీ నంబర్ అడుగుతూ తిరుగు మెయిల్ వస్తుంది, ఆ లోపు సీటు పోతుంది.

వెయిట్‌లిస్ట్‌లో ఉన్న క్రెడిట్లు ఫుల్‌టైమ్ లెక్కలోకి రావండి. వెయిట్‌లిస్ట్ కాక విడిగా 9 ఉండాలి. ఇంకా, వెయిట్‌లిస్ట్‌లో మీ వంతు వచ్చినా అది మీ దగ్గరున్న ఇంకో క్లాస్ టైమ్‌తో ఢీకొంటే సిస్టమ్ మిమ్మల్ని దాటేసి తర్వాతి వాళ్లకి ఇచ్చేస్తుంది. కోర్సు మార్చుకునేటప్పుడు డ్రాప్ కొట్టి యాడ్ చెయ్యొద్దు, "స్వాప్" వాడండి. కొత్తది దొరికితేనే పాతది వదులుతుంది.

ఓరుగల్లు_అక్క
ఇంకో ముఖ్యమైనది. దిగగానే ఇంటర్నేషనల్ ఆఫీసులో చెక్-ఇన్ చెయ్యి, పాస్‌పోర్ట్, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన వీసా పత్రం), ఐ-94 (అమెరికాలోకి ప్రవేశించిన రికార్డు) పట్టుకెళ్లు. ప్రోగ్రామ్ మొదలైన తేదీ నుంచి 30 రోజుల లోపు డీఎస్‌ఓ నిన్ను సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) రిజిస్టర్ చెయ్యాలి. ఇల్లు మారితే 10 రోజుల్లో అడ్రస్ చెప్పాలి, మొదటి నెలలో చాలామంది రెండు ఇళ్లు మారతారు.

ఐ-20 మొదటి పేజీలో మేజర్ పక్కన సీఐపీ కోడ్ (చదివే సబ్జెక్టుకి ఇచ్చే నంబర్) చూశావా? 30.7102 అయితే బిజినెస్ అనలిటిక్స్, 52.1301 అయితే మేనేజ్‌మెంట్ సైన్స్. రెండూ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉన్నాయి, ఓపీటీ (చదువయ్యాక అదే రంగంలో పనిచేసే అనుమతి) మీద 24 నెలల పొడిగింపుకి అర్హత ఇస్తాయి. ఎంబీఏ వాళ్లకి 52.0201 ఉంటే అది స్టెమ్ కాదు. అనలిటిక్స్ కాన్సెంట్రేషన్ కోర్సులు ఎన్ని చేసినా ఐ-20 మీద కోడ్ మారనంతవరకూ ఉపయోగం లేదు.

కొత్తచిగురు
30.7102 అనే ఉందక్కా. మీరందరూ చెప్పింది పెట్టుకుని ప్లాన్ వేశా, తప్పులు చెప్పండి:
ఫాల్ 9 – ఫౌండేషన్, డేటాబేస్, ఎక్సెల్ మోడలింగ్.
స్ప్రింగ్ 9 – ప్రిడిక్టివ్, రెండు కోర్ కోర్సులు.
సమ్మర్ 6 – ఇంటర్న్‌షిప్ కోర్సు సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) మీద, ఒక ఎలక్టివ్.
ఫాల్ 12 – మెషిన్ లెర్నింగ్, ఒక కోర్, రెండు ఎలక్టివ్‌లు.
స్ప్రింగ్ 3 – క్యాప్‌స్టోన్ ఒక్కటే. ఉద్యోగాలు వెతుక్కోవడానికి టైమ్ ఉంటుందని అలా మిగిల్చా. క్యాప్‌స్టోన్ ఆన్‌లైన్ సెక్షన్ కూడా ఉంది, అది తీసుకుంటా.

ఓరుగల్లు_అక్క
ఆ చివరి లైన్ దగ్గరే ఆగిపో. ఆఖరి సెమిస్టర్‌లో తక్కువ క్రెడిట్లకి అనుమతి ఇస్తారు, కానీ మిగిలింది ఒక్క కోర్సే అయినప్పుడు అది ఆన్‌లైన్‌లో ఉండకూడదు. క్లాస్‌రూమ్ సెక్షన్ తీసుకో. ఆర్‌సీఎల్ ఫారం కూడా ఆ సెమిస్టర్ మొదలయ్యేలోపు పెట్టు.

సమ్మర్ సంగతి బాగుంది. ఫాల్, స్ప్రింగ్ రెండూ ఫుల్‌టైమ్ పూర్తయ్యాక సీపీటీకి అర్హత వస్తుంది. వారానికి 20 గంటలు దాటితే ఫుల్‌టైమ్ సీపీటీ. అది 12 నెలలకు చేరితే ఆ స్థాయిలో ఓపీటీ పోతుంది. ఒక్క వేసవితో ఆ ప్రమాదం లేదు.

లోన్‌స్టార్_తెలుగు
స్కాలర్‌షిప్ ఉందా నీకు? టెక్సస్‌లో కనీసం వెయ్యి డాలర్ల కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ వస్తే ఇన్-స్టేట్ ఫీజు (టెక్సస్ వాళ్లకుండే తక్కువ ఫీజు) ఇవ్వొచ్చు, అందుకే అడుగుతున్నా. దాని షరతుల్లో ఫుల్‌టైమ్ ఉండాలని ఉంటే చివరి స్ప్రింగ్‌లో 3 క్రెడిట్లకి అది వర్తించకపోవచ్చు. ఆర్‌సీఎల్ ఇచ్చేది డీఎస్‌ఓ, స్కాలర్‌షిప్ ఇచ్చేది వేరే ఆఫీసు. ఒకళ్ల అనుమతి ఇంకొకళ్లకి పట్టదు.

కొత్తచిగురు
ఉందన్నా, లెటర్‌లో ప్రతి ఫాల్, స్ప్రింగ్‌లలో 9 క్రెడిట్లు ఉండాలనే రాశారు. అయితే చివరి స్ప్రింగ్ కూడా 9 ఉంచాలి. అప్పుడు రెండో ఫాల్ 9కి తగ్గుతుంది, సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ ఒక్కటే. ఫాల్ 6 ప్లస్ ఫౌండేషన్, స్ప్రింగ్ 9, సమ్మర్ 3, ఫాల్ 9, స్ప్రింగ్ 9. మొత్తం 36 సరిపోయింది.

క్యాటలాగ్_పిచ్చి
ఇది నిలుస్తుంది. రెండు చిన్న పనులు మిగిలాయి. ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు డిగ్రీ 36లోకి వస్తాయో లేదో అడ్వైజర్ని అడుగు. రాకపోతే ఆ సమ్మర్‌లోనే ఒక ఎలక్టివ్ కలుపుకో. నీ ప్లాన్‌ని సెమిస్టర్లవారీగా ఒక పేజీ చేసి అడ్వైజర్‌కి పంపు, అడ్వైజింగ్ హోల్డ్ తీసేది వాళ్లే. ఖాళీ చేతులతో అపాయింట్‌మెంట్‌కి వెళితే అందరికీ ఇచ్చే మామూలు షీట్ ఇస్తారు.

బెజవాడ_బ్యారేజీ
ఎంఎంఆర్ మొదటి డోసు ఈ వారమే వేయించుకో తమ్ముడూ. 28 రోజుల లెక్క ఈ రోజు నుంచి కాదు, సూది పడ్డ రోజు నుంచి.